చేతిలో డబ్బు తక్కువ, సిబిల్ అంతంతమాత్రం: హైదరాబాద్‌లో పాత ఫ్లాట్లు బాగుచేసి అమ్మే పని మొదలుపెట్టడం ఎలా

హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు కొని ఆరు నెలల్లో అమ్మితే మీకు లాభం వచ్చినా రాకపోయినా ప్రభుత్వానికి మాత్రం రెండుసార్లు డబ్బు వెళ్తుంది. మీరు కొన్నప్పుడు 7.5 శాతం, మీ దగ్గర కొన్నవాళ్లు కొన్నప్పుడు మళ్లీ 7.5 శాతం. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. 2021 జూలై దాకా ఇది మొత్తం 6 శాతమే ఉండేది. అమెరికా వాళ్ల హౌస్ ఫ్లిప్పింగ్ (ఇల్లు కొని, బాగుచేసి, వెంటనే అమ్మడం) వీడియోలు చూసి ఉత్సాహపడే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఈ లెక్కే. ఆ వీడియోల్లో ఈ ఖర్చు కనిపించదు.

అందుకే ఈ పని చెయ్యకూడదని కాదు. తక్కువ డబ్బుతో దిగేవాడు మొదటి ఇల్లు కొనకూడదు. కొనకుండానే బాగుచేసి అమ్మిపెట్టి అందులో వాటా తీసుకోవాలి. సొంతంగా కొనడం రెండో ఏడాదో మూడో ఏడాదో చేసే పని. ఎందుకో, ఎలాగో చూద్దాం.

1. ముందు కాగితం మీద నష్టపోండి

ఒక పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అనుకుందాం. వెయ్యి ఎస్‌ఎఫ్‌టీ, యజమాని 42 లక్షలు అడుగుతున్నాడు. రిజిస్ట్రేషన్‌కి 3 లక్షల 15 వేలు. రిపేర్లు 4 లక్షలు. కొన్నప్పుడు మీడియేటర్‌కి ఒక శాతం, అంటే 42 వేలు. పది లక్షలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు 1 లక్షా 20 వేలు. ఖాళీగా ఉన్నన్నాళ్లూ మెయింటెనెన్స్, కరెంటు, ఇంటి పన్ను కలిపి ఒక 25 వేలు. అమ్మేటప్పుడు మళ్లీ మీడియేటర్‌కి 52 వేలు. అన్నీ కూడితే 51 లక్షల 50 వేలు దాటుతుంది.

ఆ బిల్డింగ్‌లోనే కొత్తగా పెయింట్ వేసి, బాత్‌రూమ్‌లు మార్చిన ఫ్లాటు 52 లక్షలకు పోతోందనుకోండి. ఆరు నెలలు తిరిగి, మేస్త్రీలతో గొంతు చించుకుని మీకు మిగిలేది యాభై వేలు కూడా కాదు. అదే ఫ్లాటు 37 లక్షలకు దొరికితే లెక్క మారిపోతుంది, ఖర్చులన్నీ పోను ఆరు లక్షలకు కాస్త తక్కువగా మిగులుతుంది. అంటే లాభం అమ్మే రోజు కాదు, కొనే రోజే తేలిపోతుంది.

నచ్చిన ఏరియాలో ఇలాంటి లెక్కలు ఒక ఇరవై ఫ్లాట్లకు నోట్‌బుక్‌లో రాయండి. యజమాని చెప్పే రేటు కాకుండా నిజంగా రిజిస్ట్రేషన్ అయిన రేటు ఎంతో వాచ్‌మన్‌నీ, అసోసియేషన్ సెక్రటరీనీ, పక్క వీధి మీడియేటర్‌నీ అడిగి పట్టుకోండి. రెండు నెలలు ఇదే పని. దీనికి బస్సు చార్జీ, చాయ్ ఖర్చు తప్ప పెట్టుబడి అక్కర్లేదు.

2. సిబిల్ సంగతి

సిబిల్ స్కోరంటే మనం అప్పులు ఎలా కడుతున్నామో చూసి ఇచ్చే మార్కు, 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకు వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు, 600 దగ్గరుంటే నవ్వుతూ పంపేస్తారు. ముందు రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి, ఒక దాంట్లో లేని తప్పు ఇంకో దాంట్లో ఉంటుంది.

నాది చెబుతాను. ఒకప్పుడు ఒక క్రెడిట్ కార్డు బాకీ కట్టలేక, వాళ్లు తగ్గిస్తామంటే సంతోషంగా సగం కట్టి బయటపడ్డాను. రిపోర్టులో అది 'క్లోజ్డ్' అని కాదు, 'సెటిల్డ్' అని పడింది. ఆ ఒక్క మాట నన్ను ఏళ్ల తరబడి వెంటాడింది. మిగిలిన సగం కూడా కట్టి, బాకీ ఏమీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకుని, రిపోర్టు మార్పించుకున్నాకే కాస్త కదలిక వచ్చింది. మీదీ అలాంటి కేసయితే అదే దారి.

మీది కాని అప్పు కనిపిస్తే, కట్టేసిన అప్పు ఇంకా బాకీ అని ఉంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు మన వివరాలను కనీసం పదిహేను రోజులకోసారైనా ఈ సంస్థలకు పంపాలి కాబట్టి మార్పు కూడా మునుపటికంటే త్వరగానే కనిపిస్తుంది. బ్యాంకులో చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకుని, నెలనెలా కొద్దిగా వాడి, పూర్తిగా కడుతూ ఉండండి. నెమ్మదిగా పనిచేసే మందు, కానీ పనిచేస్తుంది. పదిహేను రోజుల్లో సిబిల్ పెంచుతామని ఫీజు అడిగేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

3. డబ్బు ఎవరిది?

మొదటి దారి, నేను అందరికీ చెప్పేది: యజమానితోనే పొత్తు. నల్లకుంట, బర్కత్‌పుర, హబ్సిగూడ, మలక్‌పేట, వనస్థలిపురం లాంటి చోట్ల తాళం వేసిన పాత ఫ్లాట్లు చాలా ఉంటాయి. పెద్దవాళ్లు పోయారు, పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్నారు. అమ్ముదామంటే గోడల చెమ్మ చూసి కొనేవాళ్లు పారిపోతారు. రిపేరు చేయిద్దామంటే దగ్గరుండి చూసేవాళ్లు లేరు. మీ పని అక్కడే ఉంది.

ఉన్నదున్నట్టు అమ్మితే ఆ ఫ్లాటుకు 42 లక్షలు వస్తాయని ఇద్దరూ ఒప్పుకోండి. మూడున్నర లక్షలు పెట్టి బాగుచేస్తే 50కి పోయిందనుకుందాం. మీడియేటర్‌కి 50 వేలు తీసేయండి, రిపేరు ఖర్చు పెట్టినవాళ్లకు ఖర్చు తిరిగిచ్చేయండి, యజమాని 42 ఆయనకు. మిగిలిన 4 లక్షల్లో చెరిసగం. మధ్యలో మీ పేరు మీద రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ 7.5 శాతం మీ నెత్తిన పడదు. రిపేరు డబ్బు కూడా లేదంటే సామాను ఖర్చు యజమానినే పెట్టమనండి, మీ వాటా సగం కాకుండా మూడో వంతు తీసుకోండి. ఇదంతా ఎంఓయూగా, అంటే ఒప్పంద పత్రంగా, స్టాంపు పేపర్ మీద వకీలుతో రాయించండి: కనీస ధర ఎంత, ఖర్చు ఎంత దాటకూడదు, ఎన్ని నెలలు, అమ్ముడు పోకపోతే మీ ఖర్చు ఎవరిస్తారు. ఈ చివరి ప్రశ్న మొహమాటంతో వదిలేస్తే కొంప మునుగుతుంది.

రెండో దారి అగ్రిమెంట్ ఆఫ్ సేల్. బయానా ఇచ్చి 90 రోజులో 120 రోజులో గడువు తీసుకుని, సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు) 'మీ పేరనో, మీరు సూచించినవారి పేరనో' చేస్తామని రాయించుకోవడం. ఈలోపు బాగుచేసి, కొనేవాళ్లను చూసి, యజమాని నుంచి నేరుగా వాళ్లకు రిజిస్టర్ చేయించడం. ఇందులో మూడు జాగ్రత్తలు. ఫ్లాటు మీకు స్వాధీనం చేసినట్టు అగ్రిమెంట్‌లో రాస్తే సేల్ డీడ్‌కి పడినట్టే స్టాంపు డ్యూటీ పడుతుంది, కాబట్టి రిపేరు చేసుకోవడానికి అనుమతి అని మాత్రమే రాయించాలి. మీరు ఎక్కువకు అమ్మబోతున్నారని యజమానికి ముందే చెప్పాలి, చివరి రోజు తెలిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీదే గొడవ. డీడ్‌లో పూర్తి ధర రాసి, మీ వాటా చెక్కు రూపంలో రావాలి, దానికి మిమ్మల్ని కన్ఫర్మింగ్ పార్టీగా, అంటే ఈ అమ్మకం నాకు సమ్మతమేనని సంతకం పెట్టే మూడో మనిషిగా, చేరుస్తారు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీగా పోతుంది. 'సగం బ్లాక్, సగం వైట్' అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు, దణ్ణం పెట్టి వచ్చేయండి.

మూడోది, డబ్బున్న భాగస్వామి. మీది కష్టం, ఆయనది డబ్బు. ఆస్తి ఆయన పేరు మీదే ఉండనివ్వండి, మీ సిబిల్ అప్పుడు అడ్డు రాదు. రెండు మూడు ఇళ్లు కలిసి చేద్దామనుకుంటే భాగస్వామ్య సంస్థను రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని సంస్థలో వాటాదారు హక్కు కోసం కోర్టుకెక్కాలన్నా కుదరదు.

బంగారం కుదువ పెడితే సిబిల్ పెద్దగా పట్టించుకోరు, వడ్డీ కూడా బయటి వడ్డీకంటే చాలా తక్కువ. రిజిస్టర్డ్ చిట్ ఉంటే పాడుకోవచ్చు, కానీ జామీను ఇచ్చేవాళ్లు సిద్ధంగా ఉండాలి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం అని గుర్తుంచుకుని దాని జోలికి పోకండి. లోన్ యాప్‌ల గురించి చెప్పేదేమీ లేదు.

4. ఎలాంటి ఫ్లాటు

లిఫ్టు ఉన్నది, సొంత కార్ పార్కింగ్ డాక్యుమెంట్‌లో రాసి ఉన్నది, మెట్రోకో పెద్ద బస్టాపుకో నడిచి వెళ్లగలిగేది. 25 ఏళ్ల లోపు బిల్డింగ్ అయితే మంచిది. కొనేవాడికి లోన్ ఇచ్చేముందు బిల్డింగ్ ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో బ్యాంకు ఇంజినీరు చేత రాయించుకుంటుంది. లోన్ రాని ఫ్లాటుకు గిరాకీ సగానికి పడిపోతుంది.

ఇక వాస్తు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా మీ దగ్గర కొనేవాడికి ఉంటుంది. ఈశాన్యంలో టాయిలెట్ ఉన్న ఫ్లాటు ఎంత చవకగా వచ్చినా వద్దు, దానికి ఇటాలియన్ మార్బుల్ వేసినా అదే మాట వినాల్సి వస్తుంది. తూర్పు, ఉత్తరం గుమ్మాలు త్వరగా పోతాయి. వంటగది పొయ్యి దిక్కు మార్చడం లాంటివి మన చేతిలో ఉంటాయి, పెద్ద ఖర్చు కాదు. చవకగా దొరికే లోపాల్లో మార్చగలిగేవేవో, మార్చలేనివేవో విడదీయడమే ఈ వ్యాపారంలో అసలు తెలివి.

5. కాగితాలు

ఇక్కడ తొందరపడితే రిపేర్లు ఎంత బాగా చేసినా ఉపయోగం లేదు. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అదే ఈసీ, 1983 నుంచి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఫ్లాటుకు ఒకటి, కింద స్థలానికి ఒకటి విడివిడిగా తీయండి. ఈసీలో ప్రతి లావాదేవీకి లింకు డాక్యుమెంటు, అంటే అప్పటి పాత దస్తావేజు, యజమాని దగ్గర ఉండాలి. అన్నీ జిరాక్సులే చూపించి 'ఒరిజినల్స్ ఊళ్లో ఉన్నాయి' అంటే అవి ఏదో బ్యాంకులో ఉన్నాయని అనుకోవచ్చు. టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసి తీసుకున్న అప్పు ఒక్కోసారి ఈసీలో కనపడదు, అందుకని బ్యాంకు తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా వెతికించండి.

యజమాని చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలూ కావాలి. ఆడపిల్లలవి కూడా. 'అక్క ఏమీ అనదు సార్' అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. అక్క ఏమీ అనకపోతే సంతకం పెట్టడానికి ఇబ్బందేముంది?

హైదరాబాద్‌కే ప్రత్యేకమైన చిక్కులు కొన్నున్నాయి. పర్మిషన్ నాలుగంతస్తులకు ఉంటుంది, పైన పెంట్‌హౌస్ ఉంటుంది. అది అందంగా, చవకగా, లోన్ రాకుండా ఉంటుంది. బిల్డర్ పర్మిషన్ తీసుకునేటప్పుడు కట్టుబడిలో పది శాతం మున్సిపాలిటీకి మార్టిగేజ్ (తాకట్టు) చేస్తాడు, కట్టడం ప్లాన్ ప్రకారమే ఉంది, కాపురం ఉండొచ్చు అనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ పది శాతంలో ఉన్న ఫ్లాటును తెలియకుండా కొన్నవాళ్లు ఎందరో. పర్మిషన్ ప్లాన్ కాపీ తెప్పించి మీ ఫ్లాటు నంబరు ఎక్కడుందో చూడండి. నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇళ్లు బస్తీల్లో చాలా ఉన్నాయి. నోటరీతో హక్కు రాదు, జీపీఏతోనూ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాదు, 2011లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

చెరువుల సంగతి 2024 జూలైలో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక అందరికీ తెలిసొచ్చింది. ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) బఫర్‌లోనో (ఆ హద్దు చుట్టూ కట్టకూడని జాగా) ఉన్న బిల్డింగ్‌కి రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన రక్షణ లేదు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులు ఉంటాయి, సర్వే నంబరుతో పోల్చి చూడండి. నిషేధిత ఆస్తుల జాబితాలో వక్ఫ్, దేవాదాయ, ప్రభుత్వ భూముల సర్వే నంబర్లు ఉంటాయి, అది కూడా చూడాలి.

యజమాని ఎన్‌ఆర్‌ఐ అయితే ఇంకో లెక్క. ఇక్కడున్నవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన ధరకు కొంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్, అంటే ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, పట్టుకుంటే చాలు. ఎన్‌ఆర్‌ఐ దగ్గర కొంటే ధర ఎంతైనా టీడీఎస్ ఉంటుంది, అదీ చాలా ఎక్కువ. ఆయన ముందే ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. నల్లకుంట ఫ్లాటు డాలస్ యజమానిదైతే మొదటి ఫోన్‌కాల్‌లోనే ఈ మాట చెప్పండి.

నల్లా బిల్లు క్యాన్ నంబరుతో, కరెంటు బాకీ యూఎస్‌సీ నంబరుతో (రెండూ కనెక్షన్ నంబర్లే) ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అసోసియేషన్ బాకీ మాత్రం సెక్రటరీ నోటితో కాకుండా కాగితం మీద తీసుకోండి. వకీలుకు ఎంత ఫీజు ఇచ్చినా లీగల్ ఒపీనియన్ రాతపూర్వకంగా తీసుకోండి.

బ్యాంకు వేలాల్లో చవకగా వస్తాయంటారు. వస్తాయి. కానీ గెలిచిన రోజే, లేదంటే మర్నాడే, 25 శాతం కట్టాలి, మిగతాది మామూలుగా 15 రోజుల్లో. 'ఉన్నది ఉన్నట్టు' అమ్ముతారు, లోపల మనుషులుంటే ఖాళీ చేయించుకునే తంటా మీదే కావచ్చు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు ఇది కాదు.

6. రిపేర్లు

ఫ్లాటును వానాకాలంలో చూడండి. జూలై, ఆగస్టుల్లో గోడ చెప్పే నిజం మార్చిలో చెప్పదు. నా మొదటి పనిలో వేసవిలో అన్నీ బాగున్నాయని హాల్లో ఫాల్స్ సీలింగ్ కూడా చేయించాను. రెండు వారాలకు ఒక మూల పసుపు మచ్చ. పై ఫ్లాటు బాత్‌రూమ్ లీకు. పైవాళ్లు బెంగళూరులో ఉంటారు, అద్దెకున్నవాళ్లు తలుపు తీయరు. సీలింగ్ కోయడం, పైన వాటర్‌ప్రూఫింగ్, మళ్లీ సీలింగ్, కలిపి 38 వేలు అదనం. అప్పటి నుంచి ఒప్పందం చేసుకునే ముందే పైన ఉన్నవాళ్లతో మాట్లాడతాను, కింద ఉన్నవాళ్ల సీలింగ్ కూడా చూస్తాను. మన బాత్‌రూమ్ వాళ్ల నెత్తిన కారుతుంటే ఆ ఖర్చు మనదే.

పని వరుస తప్పకూడదు. ముందు పగలగొట్టే పనులు, తర్వాత నల్లా, డ్రైనేజీ పైపులు, వైరింగ్ కోసం గోడ కోతలు, ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్. బాత్‌రూమ్ తలుపు దగ్గర చిన్న కట్ట వేసి కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద ఫ్లాటులో చూశాకే టైల్స్. టైల్స్ అయ్యాక లప్పం, ప్రైమర్, పెయింట్. ఫ్యాన్లు, లైట్లు, ట్యాపులు చివరి కోటింగ్‌కు ముందు బిగిస్తే వాటికి పెయింట్ అంటుకుంటుంది, చివర్లోనే బిగించండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి? రెండు బాత్‌రూమ్‌లు, వంటగది, మెయిన్ డోర్, వెలుతురు. పాత ఫ్లాట్లలో ఎర్తింగ్ ఉండదు, ఏసీకి సరిపడే వైరు ఉండదు. బెడ్‌రూమ్‌లకు ఏసీ పాయింట్లు ఇవ్వండి, కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్‌లు వద్దు. మీకు నచ్చిన రంగు వాళ్లకు నచ్చదు, పెట్టిన డబ్బు తిరిగి రాదు. పాత కట్టడాల్లో గోడలే బరువు మోస్తుంటాయి. హాలు పెద్దదవుతుందని ఇంజినీరును అడక్కుండా ఏ గోడా పగలగొట్టొద్దు.

సామాను మీరే కొనండి, కూలీ మాత్రం మేస్త్రీకి. సానిటరీ, ఎలక్ట్రికల్ సామానుకు ట్రూప్ బజార్, హార్డ్‌వేర్‌కు రాణిగంజ్ ఒకసారి తిరిగితే మీ వీధి షాపు రేటుకూ దానికీ తేడా తెలుస్తుంది. మేస్త్రీతో మొత్తం పని గుత్తగా కాకుండా విడివిడిగా రేటు మాట్లాడండి: టైల్స్ చదరపు అడుగుకు ఇంత, వైరింగ్ పాయింటుకు ఇంత. అడ్వాన్సు కొద్దిగా, ప్రతి శనివారం అయిన పనికి లెక్క. చివరి పది శాతం పని ముగిశాక, ఒక వారం ఆగి ఇవ్వండి. అసోసియేషన్‌కి ముందే చెప్పి పని వేళలు అడగండి. లిఫ్టులో ఇసుక బస్తాలు ఎక్కించి దొరికిపోతే ఆ బిల్డింగ్‌లో మీ మాట ఇక చెల్లదు.

రిపేరు అంచనా ఎంత వచ్చినా దానికి ఇరవై శాతం కలిపి రాసుకోండి. నేను ఇంతవరకూ అంచనాలోపు ముగించింది లేదు.

7. అమ్మడం

ఆషాఢంలో ఎవరూ గృహప్రవేశం చెయ్యరు, మూఢం వస్తే రిజిస్ట్రేషన్ వాయిదా వేస్తారు. టోకెన్ ఇస్తారు, కానీ మిగతాది 'శ్రావణంలో చూద్దాం' అంటారు. అప్పటిదాకా పడే వడ్డీ మీదే. అందుకే పని ఆషాఢంలో చేయించి శ్రావణం మొదటి వారానికి తాళాలు చూపించేలా పెట్టుకుంటే బాగుంటుంది. అప్పుడు వానల్లో లీకులు కూడా బయటపడతాయి.

పగటి వెలుతురులో ఫోటోలు తీసి పోర్టల్స్‌లో పెట్టండి, కానీ పాత ఏరియాల్లో ఫ్లాట్లు ఎక్కువగా ఆ బిల్డింగ్ వాళ్ల చుట్టాలకే అమ్ముడవుతాయి. వాచ్‌మన్‌కి, ఇస్త్రీ అతనికి చెప్పి ఉంచండి. కొనేవాడి బ్యాంకు అడిగే కాగితాలన్నీ ఒక ఫైల్‌గా ముందే సిద్ధం చేసి ఇస్తే లోన్ వారం పది రోజులు ముందే తేలుతుంది. బేరంలో పదివేలు తగ్గించడంకన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

8. పన్ను

24 నెలల లోపు అమ్మితే లాభం షార్ట్ టర్మ్ కిందకి వచ్చి మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఇదే పనిగా చేస్తుంటే వ్యాపార ఆదాయంగానే చూస్తారు, అప్పుడు ఖర్చులన్నీ తీసేసుకోవచ్చు, కానీ బిల్లులుండాలి. యజమాని దగ్గర వాటా రూపంలో తీసుకునేది సర్వీసు ఆదాయం, ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. మేస్త్రీకి ఇచ్చే కూలీ కూడా ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పంపండి, 'నగదు ఇవ్వు సార్' అని ఎంత బతిమాలినా సరే. ట్రూప్ బజార్‌లో బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు. ఆ తగ్గింపుకన్నా మార్చి నెలలో మీ సీఏ అడిగే ప్రశ్నలు ఖరీదైనవి. ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి, మీద ఫ్లాటు నంబరు రాసి, ఆ రోజు బిల్లులు ఆ రోజే అందులో వేయండి.